ఎల్క్‌కు తగిన తూటా

కొలరాడో పడమటి అంచున పాలిసేడ్ ఉంది, పీచ్ తోటలకు పేరుపడ్డ ఊరు. ఆ ఊరికి దగ్గర్లోనే, బోడికొండల నడుమ కేమియో షూటింగ్ అండ్ ఎడ్యుకేషన్ కాంప్లెక్స్ ఉంటుంది. రాష్ట్ర వన్యప్రాణి శాఖ 2018లో తెరిచిన కాల్పుల మైదానం అది. సెప్టెంబరు చివర్లో మా మేనల్లుడితో కలిసి అక్కడికి వెళ్లాను. అక్టోబరులో వాడి తొలి వేట, ఎల్క్ అనే భారీ జింక కోసం. ఆడ ఎల్క్‌కు లైసెన్సు డ్రాలో వచ్చింది, రైఫిలూ కొన్నాడు. తూటాల దగ్గరే తెమలలేదు. దుకాణంలో ఒక్క .30-06 రైఫిల్‌కే అరలు అరలుగా పెట్టెలు చూసి, ఏదీ కొనకుండా తిరిగొచ్చాడు.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరం. కొలరాడోలో అది లెక్క ప్రకారం జరిగే పని. అమెరికాలో మరే రాష్ట్రంలోనూ లేనన్ని ఎల్క్‌లు ఇక్కడున్నాయి. మందల స్థితి చూసి శాఖ ఏటా ఎన్ని లైసెన్సులు ఇవ్వాలో తేలుస్తుంది. 1949 నుంచి ఇటు పుట్టినవాళ్లెవరైనా వేట శిక్షణ పాసైతేనే లైసెన్సు. పడ్డ జంతువు మాంసాన్ని అడవిలో వదిలేసి వస్తే శిక్ష. మనవాళ్లు ముఖ్యంగా తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. హెచ్-1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ కాదు కదా, తూటా దగ్గర ఉంచుకున్నా ఫెడరల్ చట్టం కింద నేరమే. గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. మావాడికి గ్రీన్‌కార్డు వచ్చింది కాబట్టి ఆ చిక్కు లేదు. స్నేహితుడి తుపాకీ సరదాకి పట్టుకునే కుర్రాళ్లు మాత్రం ఈ సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి.

మాకు నేర్పడానికి ఒప్పుకున్నావిడకు అరవై దాటి ఉంటాయి. చాలాకాలం వేటగాళ్లను కొండలకు తీసుకెళ్లి దారి చూపిన మనిషి. మావాడు పలకరించీ పలకరించగానే, "అన్నిటికన్నా పవర్‌ఫుల్ తూటా ఏదండీ?" అని అడిగాడు. ఆవిడ జవాబు చెప్పకుండా చిన్న చెక్కపెట్టె తెరిచి, నిలువుగా కోసిన నాలుగు బుల్లెట్లను బల్ల మీద వరుసగా పేర్చింది.

మొదటిది సాదా రకం. సీసపు గుండు, దానికి పల్చటి రాగి తొడుగు. మామూలు జింకకు చాలు. ఎల్క్ అయితే ఆడదే రెండు క్వింటాళ్లకు పైన తూగుతుంది, మగది మూడు దాటుతుంది. మన నల్లమల కణుజు కన్నా పెద్ద శరీరం. దగ్గర్నుంచి కాలిస్తే ఈ బుల్లెట్ భుజం ఎముక మీదే చెదిరిపోయి ఊపిరితిత్తుల దాకా చేరకపోవచ్చు. అప్పుడు జంతువు గాయంతో పారిపోయి, ఎక్కడో పొదల్లో పడి, తీసుకుని తీసుకుని చస్తుంది. "నేను భయపడేది దీనికే" అంది ఆవిడ. ఆ మాట అనేటప్పుడు ఆవిడ ముఖంలో నవ్వు లేదు.

రెండోది బాండెడ్. అందులో సీసం, తొడుగు విడిపోకుండా అతికి ఉంటాయి. మూడోది నోస్లర్ పార్టిషన్. కోసిన ముక్కను వేలి మీద పెట్టుకుని చూశాను. తొడుగు లోహమే మధ్యలో అడ్డుగోడగా ఉంది, దానికి అటు కొంత సీసం, ఇటు కొంత సీసం. ముందు భాగం తగలగానే విచ్చుకుంటుంది. గోడ వెనకున్నది చెక్కుచెదరకుండా లోపలికి దూసుకుపోతుంది. జాన్ నోస్లర్ 1946లో బ్రిటిష్ కొలంబియాలో ఒక మూస్‌ను కాలిస్తే, బుల్లెట్లు దాని బురద పట్టిన ఒంటి మీదే చితికిపోయాయట. ఆ బాధలోంచి పుట్టిన ఈ రకాన్ని 1948లో అమ్మకానికి పెట్టాడు. నాలుగోది పూర్తిగా రాగి. ముక్కు దగ్గర చిన్న గుంట ఉంటుంది, తగిలితే అక్కడే నాలుగు రేకులుగా విడుతుంది. ఈ తరహా బుల్లెట్‌ను బార్న్స్ కంపెనీ 1989లో తెచ్చింది.

ఎల్క్‌కు కొలరాడో పెట్టిన కనీస కొలతలు చిన్నవే. గుండు వ్యాసం .24 అంగుళం, బరువు 85 గ్రెయిన్లు, నూరు గజాల దగ్గర 1,000 ఫుట్‌పౌండ్ల శక్తి ఉండాలి. బుల్లెట్ విచ్చుకునేదే అయ్యుండాలి. ఒక గ్రెయిన్ అంటే గ్రాములో పదిహేనో వంతు. .30-06లో మామూలుగా వాడే 180 గ్రెయిన్ల గుండు పన్నెండు గ్రాములకు కాస్త తక్కువ, గొట్టం దాటేటప్పుడు సెకనుకు 2,700 అడుగుల వేగం. చట్టం అడిగిన శక్తికి రెండు రెట్లకు పైనే ఉన్నట్టు. 1906 నాటి ఈ తూటా ఇప్పటికీ ఎల్క్‌కు సరిపోతూనే ఉంది. .308 అయినా, .270 అయినా ఇదే మాట.

మావాడి మనసు మాత్రం ఇంకా బలమైన .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ మీదే ఉంది. ఆవిడ తన మాగ్నమ్ రైఫిల్ తెచ్చి వాడి చేతికిచ్చింది. మొదటి దెబ్బకే భుజం పట్టుకున్నాడు. ఆ తర్వాత ఆవిడ చేసిన పని నాకు చాలా నచ్చింది. వాడిని అటు తిరగమని, మందు లేని డమ్మీ తూటాను గొట్టంలో పెట్టింది. పేలుతుందనుకునే ట్రిగ్గర్ నొక్కాడు. టక్కుమన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. కానీ గొట్టం కొస చటుక్కున కిందికి వాలడం మా ముగ్గురికీ కనబడింది. పేలకముందే ఒళ్లు తుపాకీ తన్నుకు భయపడి బిగుసుకుంటోంది. కొస వెంట్రుకవాసి కదిలినా రెండొందల గజాల అవతల గుండు ఊపిరితిత్తుల్ని వదిలి పొట్టలో దిగుతుంది. వాడి .30-06తో అదే పరీక్ష పెడితే ఆ వాలు బాగా తగ్గింది, నెమ్మదిగా నొక్కడం అలవాటయ్యాక దాదాపు పోయింది. మాగ్నమ్ మాట వాడు మళ్లీ ఎత్తలేదు. తొలి వేటకు వెళ్లే ప్రతి ఒక్కరూ ఈ డమ్మీ పరీక్షకు నిలబడ్డాకే తూటా కొనాలని నా గట్టి అభిప్రాయం.

ఇక తేలాల్సింది వాడి రైఫిల్‌కు ఏది కుదురుతుందన్నది. ఒకే కంపెనీ, ఒకే నమూనా రైఫిళ్లు రెండున్నా, ఒకదానికి నప్పిన తూటా రెండోదానికి నప్పకపోవచ్చు. ఇసుక సంచుల మీద ఆనించి, నూరు గజాల దూరంలోని కాగితం మీద ఒక్కో రకం మూడేసి కాల్చాడు. నడుమ నడుమ గొట్టం చల్లారనిచ్చారు. 180 గ్రెయిన్ల బాండెడ్ గుండ్లు మూడూ అంగుళం మేరలో పడ్డాయి. పార్టిషన్ రెండంగుళాలు. 165 గ్రెయిన్ల రాగివి అంగుళమున్నర. సీసం కన్నా రాగి తేలిక, అదే బరువుకు గుండు పొడవు పెరుగుతుంది. అందుకే రాగి అయితే ఒక మెట్టు తక్కువ బరువు తీసుకోమంటారు.

కాగితం మాట వింటే బాండెడ్డే కొనాలి. వాడు రాగిదే కొంటానన్నాడు. ఇంట్లో మూడేళ్ల పాప ఉంది, ఆ మాంసం తినేవాళ్లలో అదీ ఒకతి. సీసపు గుండు ఎముకకు తగిలితే కంటికి కనబడని తునకలు గాయం చుట్టూ జానెడు మేర చిమ్ముతాయి. 2008లో నార్త్ డకోటాలో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ ఏడొందల మందికి పైగా రక్తం పరీక్షించింది. వేట మాంసం తినేవాళ్లలో సీసం కొంచెం ఎక్కువగానే తేలింది. వేటగాళ్లు వదిలిన పేగులు తిని కాండోర్ రాబందులు విషమెక్కి చస్తుంటే, కాలిఫోర్నియా 2019 జులై నుంచి వేటలో సీసపు గుండ్లను పూర్తిగా ఆపేసింది. కొలరాడోలో అలాంటి నిషేధం లేదు. అయినా వాడి నిర్ణయమే సరైనదని నాకు తోచింది. ఎల్క్ గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు అడుగు పైన వెడల్పుంటుంది. అక్కడ అర అంగుళం తేడా లెక్కలోకి రాదు.

లెక్కలోకి వచ్చేదేమిటో మధ్యాహ్నం తెలిసింది. ఆవిడ ఇసుక సంచులు తీసేయించి, తొమ్మిదంగుళాల కాగితం పళ్లెం నిలబెట్టి, నేల మీద కూర్చుని కాల్చమంది. నూరు గజాల దగ్గర అన్నీ పళ్లెంలోనే పడ్డాయి. రెండొందల దగ్గర ఐదింట్లో రెండు బయటికి పోయాయి. గుండ్లు అవే, రైఫిలూ అదే. నిలబడి కాలిస్తే నూరు గజాల్లోనే చెదిరాయి. "పెట్టె మీద నాలుగొందల గజాల దాకా అంకెలు వేస్తారు. నీ అంకె ఈ పళ్లెం చెబుతుంది" అందావిడ. కూర్చుని నూట యాభై, నిలబడితే యాభై. ఈలోగా సాధనతో పెరిగితే సరే, లేకపోతే అంతకు మించి కాల్చనని మాటిచ్చాడు.

సాయంత్రం గ్రాండ్ జంక్షన్‌లో దుకాణం మూసేలోపు చేరాం. రాగి గుండ్ల పెట్టెలు ఐదు తీసుకున్నాడు, ఒక్కోదాంట్లో ఇరవై. ఒక లాట్‌కూ మరో లాట్‌కూ మందు కొద్దిగా మారొచ్చు కాబట్టి, పెట్టె మూత లోపలి అంకెలు ఒకదానితో ఒకటి సరిచూశాడు. తూటా అడుగున ఇత్తడి మీద చెక్కిన పేరును, తన రైఫిల్ గొట్టం మీదిది ఫొటో తీసుకొచ్చి, దాంతో కలిపి చూశాడు. నాలుగు పెట్టెలు సాధనకు, ఒకటి కొండకు.

"మామయ్యా, వచ్చే శనివారం కూడా వస్తావా? ఈసారి మోకాలి మీద కూర్చుని కాల్చాలి" అన్నాడు. వస్తానన్నాను.