మోతే పాటైన వేళ...

నాట్లేసేటప్పుడు ఓ పాట, వడ్లు దంచేటప్పుడు మరో పాట. పని ఉన్నచోటే పాట పుడుతుంది. రాక్ సంగీతానికి తల్లివేరైన బ్లూస్ కూడా అమెరికా పత్తిచేలలో కూలీల గొంతుల్లోంచి వచ్చిందే. మరి యంత్రాల మధ్య బతికేవాడి పాటేదీ? వాడి చెవుల్లో మోగేది మోటారు మోతే కదా! ఆ మోతనే సంగీతం చేస్తామన్నారు, 1976లో లండన్‌లో నలుగురు.

జెనెసిస్ పి-ఆరిడ్జ్, కోసీ ఫ్యానీ టుట్టి, పీటర్ క్రిస్టఫర్‌సన్, క్రిస్ కార్టర్... వాళ్ల బృందం పేరు థ్రాబింగ్ గ్రిజిల్. అందులో డ్రమ్స్ వాయించేవారు లేరు. శ్రుతి తప్పకూడదన్న పట్టింపూ లేదు. హ్యాక్నీ ప్రాంతంలో ఓ ఫ్యాక్టరీ భవనంలోని నేలమాళిగే స్టూడియో. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'డెత్ ఫ్యాక్టరీ'! పరికరాలు కొనే పని కార్టర్ పెట్టుకోలేదు. ఎలక్ట్రానిక్స్ పత్రికలో వచ్చిన సర్క్యూట్ ఆధారంగా ధ్వనిని వంకర్లు తిప్పే పెట్టెను సొంతంగా తయారుచేశాడు.

ఇలాంటి మోతకు ఏ కంపెనీ డబ్బు పెడుతుంది? అందుకే సొంత సంస్థ పెట్టుకున్నారు... అదే 'ఇండస్ట్రియల్ రికార్డ్స్'. 1977లో వచ్చిన మొదటి ఎల్పీ పేరు 'ది సెకండ్ యాన్యువల్ రిపోర్ట్'. కంపెనీలు వేసే వార్షిక నివేదికల మీద వెటకారమన్నమాట. అచ్చేసినవి 785 కాపీలే.

అలాగని తమ పాటలకే పరిమితం కాలేదు. డెబ్బై దాటిన గాయని ఎలిజబెత్ వెల్చ్ పాడిన 'స్టార్మీ వెదర్', రచయిత విలియం బరోస్ టేపులు కూడా ఈ సంస్థ నుంచే వచ్చాయి. ఎవరూ ముట్టనివి, ఎక్కడా ఇమడనివి అక్కడ చోటు దొరకబుచ్చుకున్నాయి.

మెచ్చినవాళ్లకన్నా మండిపడ్డవాళ్లే ఎక్కువ. 1976లో ఈ బృందం పెట్టిన ఓ ప్రదర్శన చూసిన పార్లమెంటు సభ్యుడొకరు, వీళ్లు నాగరికతను కూల్చేవాళ్లని దుయ్యబట్టారు. నిజమే, ఇది హాయిగా కళ్లు మూసుకుని వినే సంగీతం కాదు. విన్నవాళ్లు ఉలిక్కిపడాలన్నదే వాళ్ల ఉద్దేశం.

1981లో బృందం విడిపోయింది. సంస్థ కూడా ఆగింది. దాని పేరు మాత్రం ఆగలేదు. 'ఇండస్ట్రియల్' అన్నది ఓ సంగీత శైలికే పేరైంది. ఆ పేరుతో అమెరికాలో నైన్ ఇంచ్ నెయిల్స్ లాంటి బృందాల రికార్డులు లక్షల్లో అమ్ముడుపోయాయి. క్రిస్టఫర్‌సన్ 2010లో, పి-ఆరిడ్జ్ 2020లో కన్నుమూశారు. సంస్థ మళ్లీ 2011లో తెరుచుకుని పాత రికార్డులను కొత్తగా తెచ్చింది.

ఎవరి అనుమతీ అడగకుండా అచ్చేసిన ఆ 785 కాపీలే ఇన్నింటికీ మొదలు!