మొకట్టం కొండ క్రింద మన సహోదరులు



ఐగుప్తు అనగానే మనకు యోసేపు కట్టించిన ధాన్యపు కొట్లు, మోషేను దాచిన జమ్ముపెట్టె, హేరోదు భయాన పసిబిడ్డను ఎత్తుకొని వెళ్లిన యోసేపు మరియలు జ్ఞాపకం వస్తారు. పరిశుద్ధ దేశ యాత్రకు వెళ్లే మన తెలుగువారు చాలామంది కైరో పట్టణంలో ఒకటి రెండు రోజులు ఆగుతారు. పిరమిడ్లు, నైలు నది, పాత కైరోలోని పురాతన దేవాలయాలు చూసి సీనాయి దారి పడతారు. అయితే ఆ పట్టణపు తూర్పు అంచున, మొకట్టం అనే సున్నపురాతి కొండ క్రింద, మన విశ్వాసపు బంధువులు వేలాదిగా నివసించే ఊరొకటి ఉన్నది. కైరో వారు దానిని చెత్తవారి ఊరు అంటారు. 2019 ఫిబ్రవరి మాసంలో యాత్రికుల బృందంతో వెళ్లినప్పుడు ఆ ఊరు చూసే భాగ్యం దేవుడు నాకు దయచేశాడు.

పెద్ద రోడ్డు దిగి ఆ పేటలోకి తిరగగానే వాసనే ముందు పలకరిస్తుంది. మా బృందంలో కొందరు ముక్కుకు చేతిరుమాళ్లు అడ్డం పెట్టుకొన్నారు. సందులు ఇరుకు. మనిషి ఎత్తుకు మూడింతలు మూటలు పేర్చుకొని చిన్న ట్రక్కులు ఎదురు వస్తుంటాయి. ఇళ్లన్నీ ఎర్ర ఇటుక మేడలు. క్రింది అంతస్తులో చెత్త, పై అంతస్తులలో కాపురం. గడపల దగ్గర తల్లులు, కూతుళ్లు కూర్చొని చెత్తను వేరు చేస్తుంటారు. కాగితం ఒక ప్రక్క, అట్టలు ఒక ప్రక్క, గాజు, రేకు డబ్బాలు, గుడ్డ పేలికలు, ఎముకలు వేరువేరుగా కుప్పలు పోస్తారు. ప్లాస్టిక్కును సహా రకానికొక గుట్టగా విడదీస్తారు. ఒక ఇంట్లో నీళ్ల సీసాలను తరిగే యంత్రం, మరొక ఇంట్లో అట్టలను నొక్కి కట్టలు కట్టే యంత్రం. మనం పనికిరాదని పారవేసే వస్తువుకు అక్కడ ఒక పేరు, ఒక ధర ఉన్నాయి.

వీరిని అరబీ భాషలో జబ్బాలీన్ అంటారు. చెత్త ఎత్తేవారు అని అర్థం. వీరి పెద్దలు దక్షిణ ఐగుప్తులోని అస్యూత్ ప్రాంతపు రైతులు. కరువుకు, పేదరికానికి తాళలేక 1940ల ప్రాంతంలో కైరోకు వలస వచ్చారు. వీరిలో ఎక్కువమంది కోప్తిక్ క్రైస్తవులు. ఇంటింటికీ వెళ్లి చెత్త తెచ్చి, అందులోని కూరల తొక్కలు, మిగిలిన అన్నం పందులకు మేపి, మిగతాది అమ్ముకొని బ్రతికారు. పట్టణం పెరిగిన కొద్దీ వీరిని ఒక చోటి నుండి మరొక చోటికి తరిమారు. చివరకు 1970 ప్రాంతంలో, ఎవరికీ అక్కరలేని ఈ కొండ క్రిందికి చేరారు. కైరో మొత్తం మీద ఈ పనివారు 50 వేల నుండి 70 వేల మంది వరకు ఉంటారని అంచనా. తాము తెచ్చిన చెత్తలో నూటికి 80 వంతుల దాకా తిరిగి వాడకానికి తెస్తారని వీరిని పరిశీలించినవారు వ్రాశారు. గొప్ప యంత్రాలున్న దేశాలు కూడా ఈ లెక్కను అందుకొనడం కష్టం.

ప్రియులారా, ఇది కేవలం మెచ్చుకొని విడిచిపెట్టే సంగతి కాదు. 2003లో ప్రభుత్వం కైరో చెత్తను ఎత్తే పనిని స్పెయిను, ఇటలీ దేశాల కంపెనీలకు అప్పగించింది. ఆ కంపెనీలు చెత్తలో నూటికి 20 వంతులు మాత్రమే తిరిగి వాడకానికి తెస్తే చాలునని ఒప్పందం. మిగిలినది గోతులలో పూడ్చవచ్చును. వీధి చివర పెద్ద డబ్బాలు పెట్టారు గాని, మేడ మెట్లెక్కి గుమ్మం దగ్గరకు వచ్చే మనిషికి అలవాటుపడిన ఊరికి అది సరిపడలేదు. అనేక తరాలుగా పని చేస్తున్నవారిని మాత్రం ఎవరూ పిలిచి అడగలేదు.

2009లో మరొక దెబ్బ తగిలింది. స్వైన్ ఫ్లూ అనే జ్వరం లోకమంతటా పాకుతున్న దినాలవి. ఐగుప్తులో ఇంకా ఒక్కరికైనా ఆ జ్వరం రాకముందే, దేశంలోని పందులన్నిటినీ చంపమని ఆజ్ఞ వచ్చింది. సుమారు 3 లక్షల పందులు. ఈ జ్వరం మనుష్యుల నుండి మనుష్యులకు వస్తున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారు చెప్పినా ఆజ్ఞ ఆగలేదు. ఒక కుటుంబానికి పంది అంటే పిల్లల ఫీజు, రోగానికి మందు, ఆడపిల్ల పెండ్లి. అవన్నీ ఒక్క మాసంలో పోయాయి. తినే పందులు లేనప్పుడు కుళ్లే చెత్తను ఎత్తి ఏమి చేయాలి? కొద్ది నెలలలోనే కైరో వీధులలో కుళ్లిన చెత్త గుట్టలు లేచాయి. ఊరిని శుభ్రం చేస్తున్నది ఎవరో ఊరికి అప్పుడు అర్థమైంది. తరువాతి సంవత్సరాలలో కొన్ని కుటుంబాలు మరల మెల్లగా పందులను పెంచసాగాయి.

ఈ కష్టాల మధ్య దేవుడు వారిని విడువలేదు. బెల్జియంలో జన్మించిన సిస్టర్ ఇమ్మాన్యుయేల్ అనే ఫ్రెంచి సన్యాసిని 1971 నుండి రెండు దశాబ్దాలకు పైగా కైరో చెత్తపేటలలో వారితో కలిసి గుడిసెలో కాపురముండి, బడులు, ఆసుపత్రి కట్టించడానికి పాటుపడింది. 1984లో పర్యావరణ పరిరక్షణ సంఘం ఒకటి ఏర్పడి, స్త్రీలకు గుడ్డ పేలికలతో తివాచీలు నేయడం, పాత కాగితంతో క్రొత్త కాగితం చేయడం నేర్పింది. ఒక బడిలో పిల్లలు ఖాళీ షాంపూ డబ్బాలు లెక్కపెడుతూనే కూడికలు, తీసివేతలు నేర్చుకొన్నారు.

సందులు దాటి పైకి వెళ్తే కొండను తొలిచిన గుహలో దేవాలయం కనబడుతుంది. 20 వేల మంది కూర్చోగల బల్లలు మెట్లు మెట్లుగా దిగుతాయి. రాతి గోడల మీద బైబిలు దృశ్యాలను పోలండు దేశపు శిల్పి చెక్కాడు. ఆ ఆలయానికి సీమోను అనే చర్మకారుని పేరు పెట్టారు. పదవ శతాబ్దంలో ఒక పాలకుడు, ఆవగింజంత విశ్వాసం నిజమైతే ఈ కొండను కదిలించి చూపండని క్రైస్తవులను నిలదీశాడనీ, అప్పుడు ఈ బీద సీమోను ప్రార్థన వలన కొండ కదిలిందనీ కోప్తిక్ సంఘపు సంప్రదాయం. తోలు పని చేసేవాని పేరు మీద, చెత్త పని చేసేవారి మధ్య, అంత గొప్ప ఆరాధన స్థలం! మేమంతా కొంతసేపు మాట్లాడకుండా నిలిచిపోయాము.

2016లో ఎల్ సీడ్ అనే చిత్రకారుడు ఆ పేటలోని సుమారు 50 మేడల గోడల మీద ఒకే చిత్రం వేశాడు. కొండ మీద నుండి చూస్తేనే అది పూర్తిగా కనబడుతుంది. నాలుగవ శతాబ్దపు బిషప్పు అతనాసియస్ మాటలను అరబీ అక్షరాలలో అల్లాడు. వెలుగును సరిగా చూడదలచినవాడు ముందు తన కన్ను శుభ్రం చేసికోవలెనని వాటి భావం.

మరి మన గ్రామాల సంగతి? మన పెద్దల ఇంటి వెనుక పెంటకుప్ప ఉండేది. పేడ, ఊడ్పు, తొక్కలు అందులో పడి వేసవిలో బండ్ల మీద పొలానికి వెళ్లేవి. పారవేసినది పంటై తిరిగి వచ్చేది. నేడు అదే కుప్పలో ప్లాస్టిక్ కవర్లు చేరాయి. అవి పొలంలో కుళ్లవు. పశువు తింటే కడుపులో గడ్డకట్టి చంపుతాయి. కాలిస్తే ఆ పొగ మన పిల్లల ఊపిరిలోకి వెళ్తుంది. తడి చెత్త, పొడి చెత్త, అపాయకరమైన చెత్త ఇంటి వద్దనే వేరు చేయాలని 2016 నియమాలు చెప్పాయి. 2022 జూలై 1 నుండి ఒక్కసారి వాడి పారవేసే ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు మన దేశంలో నిషేధించారు. అయినా మన పెండ్లి విందుల మరునాడు దేవాలయపు ఆవరణ ఎలా ఉంటున్నదో మీకే తెలుసు.

ప్రభువు అయిదు వేలమందికి ఆహారం పెట్టిన దినాన, మిగిలిన ముక్కలు పోనివ్వక పోగుచేయమని శిష్యులతో చెప్పాడు. రొట్టెలను సృష్టించగలవానికి ముక్కలతో పనేమి? అయినా పన్నెండు గంపలు నిండాయి. ఆ గంపలు మోసినవారు అపొస్తలులే సుమా! ముక్కలు ఏరడం తక్కువ పని అని ప్రభువు తలంచలేదు. మన దేశంలో ఆ పనిని కొన్ని కులాల మెడకు కట్టి, వారిని ఊరి చివర ఉంచారు. మన సంఘాలలో అనేకుల తాతముత్తాతలు ఆ బాధ ఎరిగినవారే. హన్నా ప్రార్థనలోను, 113వ కీర్తనలోను దేవుడు దీనులను ఎక్కడ నుండి లేవనెత్తుతాడో తీసి చదవండి.

కాబట్టి ఈ మాసంలో ప్రతి సంఘంలో రెండు పనులు చేద్దాం. ప్రేమవిందుకు విస్తరాకులు గాని, కడిగి వాడుకొనే పళ్లేలు గాని తెద్దాం. పంచాయతీ చెత్తబండితో వచ్చే అన్నను, అక్కను పేరు అడిగి, తడి పొడి వేరుచేసి చేతికి అందిద్దాం. గాజుపెంకులు విడిగా మూటకట్టి ఇద్దాం, వారి చేతులు కోసుకొనకుండా. మొకట్టం కొండ క్రింది మన సహోదరులను కుటుంబ ప్రార్థనలో జ్ఞాపకం చేసికొందాం.

దేవుడు మిమ్మును, మీ ఇంటిని దీవించును గాక. ఆమేన్.