పొడి అడగకు బిడ్డా

వనపర్తిలో మా మేనకోడలు బాత్ బాంబులు ఇంట్లోనే చేసి అమ్ముతానంటే, సరుకులు కొనడానికి నేనూ తోడు వెళ్లాను. వంటసోడా, నిమ్మఉప్పు ముందే తెచ్చి పెట్టుకుంది. నీళ్లు తగిలితే ఆ రెండూ కలిసి బొగ్గుపులుసు వాయువు పుడుతుంది, బంతి బుసబుస పొంగి కరిగిపోతుంది. నీళ్లలో పొంగే మందుబిళ్లను చూసి 1989లో ఇంగ్లండులో మో కాన్‌స్టంటైన్ అనే ఆవిడ దీన్ని తయారుచేసింది. రెండు పాళ్ల సోడాకు ఒక పాలు నిమ్మఉప్పు అని అందరూ చెప్తారు. అలా కలిపితే సోడా మిగిలిపోతుంది, చర్మానికి అది పడదు. తూకంలో నాలుగుకు మూడు దాకా ఉండాలి.

ఇక వాసనకూ రంగుకూ ఏం వేయాలన్నది మిగిలింది. బజారులో మూలికలమ్మే ఓ పెద్దమ్మ దగ్గరికి పోయాం.

"కస్తూరి పసుపు పొడి, కచ్చూరాల పొడి ఉన్నాయా పెద్దమ్మా?"

"పొడి అడగకు బిడ్డా. పొడి అయినంక అది ఏందో నాకే ఎర్కగాదు."

కచ్చూరం ముక్క ఒకటి తీసి బొటనవేలితో పుటుక్కున విరిచి పిల్ల ముక్కు దగ్గర పెట్టింది. కర్పూరం లాంటి ఘాటు. ఇంకో డబ్బాలోంచి పాత ముక్క విరిచింది. దానికి దుమ్ము వాసన తప్ప మరేం లేదు. కుంకుడుకాయను చెవి దగ్గర ఆడించి, గింజ గలగలలాడితేనే పక్కన పెట్టింది. కస్తూరి పసుపు కొమ్ము లోపల లేత మీగడ రంగులో ఉంది. అదే పేరుతో పొట్లాల్లో వచ్చే ముదురు పసుపు రంగు పొడి ఏమిటో మరి! బావంచాలు మాత్రం చిటికెడే ఇచ్చింది. "పూసుకొని ఎండల తిరిగితే మేను కములుతది," అంది. నిజమే, వాటిలోని సొరాలెన్ వెలుతురు తగిలితే చర్మం మీద పనిచేస్తుంది. బొల్లి వైద్యంలో వాడేది అందుకే.

"సెల్లుల బొమ్మ సూపిస్తరు. ఎదురుంగ కుప్ప వోస్తే ఏదేందో గుర్తువట్టరు," అని పక్క దుకాణం ఆయనతో అంటుంటే విన్నాను. నాకూ కడుపు మండింది. జూరాల కాలువ కింద వరిమళ్లలో తుంగ మొలిస్తే మందు కొట్టి చంపుతాం. దాని గడ్డలనే తుంగముస్తలని బజారులో డబ్బిచ్చి కొంటాం. నాగర్‌కర్నూల్ వైపు నల్లమలలో చెంచులు కుంకుడుకాయలు ఏరి అమ్ముకుంటారు. కాయ ఎప్పుడు పండిందో, ఎన్నాళ్లు ఎండాలో తెలిసిన ఆ చేతులకు దక్కేది తూకానికి కట్టే ధర ఒక్కటే, ఆ తెలివికి ఏమీ లేదు. మన బోర్ల ఉప్పునీళ్లలో సబ్బు విరిగి తెట్టు కడుతుంది, కుంకుడు నురగకు ఆ బాధ లేదు. అయినా బడిలో పిల్లలకు సబ్బు సూత్రం నేర్పుతాం కానీ కుంకుడు చెట్టు దగ్గరికి తీసుకుపోం.

మేనకోడలు తన జాబితాలో పొడులన్నీ కొట్టేసింది. కచ్చూరాలు, తుంగముస్తలు, గులాబీ రేకులు అన్నీ ముక్కలుగానే కట్టించుకుంది. తడి మిగిలితే బంతి చుట్టేటప్పుడే పొంగిపోతుంది గనక, గలగలలాడేదాకా ఎండబెట్టి పట్టించాలి.

"ఏ గిర్నిల పట్టిస్తవ్?" అంది పెద్దమ్మ చిల్లర లెక్కపెడుతూ. "మిరపకాయలు పట్టిన రాయి మీద వొయ్యకు. ముందుగాల రెండు దోసిళ్ల బియ్యం పట్టించి పారవోయి. లేకుంటే కొన్నోల్లంత మంటలని నీ ఇంటికొస్తరు."