అల్లుడి ఇంట్లో సముద్రం

కాకినాడలో పుట్టి పెరిగినదాన్ని నేను. సముద్రం చూడ్డానికి అమెరికా దాకా వెళ్ళాలా అని మీరు నవ్వుకోవచ్చు. కాని నిజం చెబుతున్నాను, సముద్రమంటే ఏమిటో నాకు మొదటిసారి తెలిసింది న్యూజెర్సీ రాష్ట్రంలో, ఎడిసన్ అనే ఊళ్ళో, మా అల్లుడి ఇంటి హాల్లోనే.

2012 సెప్టెంబరులో మావారూ నేనూ అమ్మాయి దగ్గరికి వెళ్ళాం. ఎడిసన్ మనవాళ్ళకి కొత్త ఊరేం కాదు. అక్కడి ఓక్ ట్రీ రోడ్డు మీద నడుస్తుంటే కరివేపాకూ, పచ్చళ్ళూ, పట్టుచీరలూ, అన్నీ మనవే. థామస్ ఆల్వా ఎడిసన్ 1879లో చాలాసేపు ఆరకుండా వెలిగే విద్యుద్దీపాన్ని తయారుచేసిన మెన్లోపార్కు ఈ ఊళ్ళోనే ఉంది. 1954లో ఊరికి ఆయన పేరే పెట్టారు. ప్రయోగశాల ఉన్నచోట ఎత్తయిన స్తంభం కట్టి, దాని నెత్తిన ఇంతలావు గాజుబల్బు నిలబెట్టారు. దీపం పుట్టిన ఊరన్నమాట. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

హాల్లో సోఫాకి ఎదురుగా నాలుగడుగుల గాజుతొట్టి ఉంది. 284 లీటర్ల నీళ్ళు పడతాయట. పైన నీలం దీపాలు. లోపల రాళ్ళగుట్ట, గుట్ట నిండా ఊదారంగు కొమ్మలూ, ఆకుపచ్చ గుత్తులూ. గాలి లేకుండానే అవి మెల్లగా ఊగుతున్నాయి. వాటి మధ్య నారింజరంగు చేపలు రెండు.

"పూలు బాగున్నాయి నాయనా" అన్నాను.

"పూలు కావు అత్తయ్యగారూ, జంతువులు. పగడాలు" అన్నాడు అల్లుడు.

పగడమంటే నాకు తెలిసింది ఉంగరంలో ఎర్రపూస. అది మధ్యధరా సముద్రంలో వెలుతురు తక్కువైన చోట పెరిగే వేరే జాతిట. మా అల్లుడి తొట్టిలోవి వెలుతురు లేనిదే బతకవు. ఒక్కొక్క కొమ్మ మీద ఆవగింజలంత జీవులు వందలకొద్దీ కాపురం ఉంటాయి. ఒక్కొక్కదానికి ఒక నోరూ, నోటిచుట్టూ చిన్నచిన్న చేతులూ. వాటి ఒంట్లో కంటికి కనబడని నాచు అద్దెకు దిగుతుంది. అద్దె డబ్బులు కావు, అన్నం. వెలుతురుతో తాను వండుకున్నదాంట్లో చాలాభాగం ఇంటివారికే పెడుతుంది. ఆ బలంతో పగడపు జీవి నీళ్ళలోని సున్నం తీసి, తన కింద రాయి కట్టుకుంటుంది. సముద్రాల్లో పగడపు దిబ్బలన్నీ ఇలా కట్టినవే. మనకు రామేశ్వరం దగ్గర మన్నారు సింధుశాఖలో ఉన్నాయి.

"మరి మా కాకినాడలో లేవేం?" అన్నాను కాస్త చిన్నబుచ్చుకుని.

"గోదావరి ఉందిగా అత్తయ్యగారూ. అది తెచ్చిపోసే ఒండ్రునీ, మంచినీటినీ ఇవి తట్టుకోలేవు."

మాకు అన్నం పెట్టే ఒండ్రే వీటికి ప్రాణాంతకమన్నమాట!

ఇక ఆ తొట్టికి జరిగే ఉపచారాలు చూడాలి. లీటరు నీటికి 35 గ్రాముల ఉప్పు. అదీ మన వంటింటి ఉప్పు కాదు, సముద్రంలో ఉండే లవణాలన్నీ కలిపినది. కుళాయినీళ్ళు పనికిరావు, వడగట్టి శుద్ధి చెయ్యాలి. రోజూ రెండు మూడు లీటర్ల నీరు ఆవిరైపోతుంది. తగ్గింది కదా అని ఉప్పునీళ్ళు పోశారో, కొంప మునిగిందే! పులుసు మరిగితే తగ్గేది నీళ్ళే గాని ఉప్పు కాదు గదా. అందుకని ఉత్త మంచినీళ్ళే పోస్తాడు. ఆదివారంనాడు ముప్ఫై లీటర్లు తోడి, అంతే కొత్త ఉప్పునీరు పోస్తాడు. చుక్కలమందు వేసి, రంగు మారడం చూసి సున్నం లెక్కకడతాడు. లీటరుకు 420 మిల్లీగ్రాములు ఉండాలిట. వేడి 25 డిగ్రీలు. తొట్టి పెట్టిన కొత్తలో నెలన్నరదాకా అందులో ఒక్క చేపనైనా వెయ్యలేదుట. చేపల మలినంలోంచి పుట్టే అమ్మోనియా విషాన్ని విరిచే సూక్ష్మజీవులు ముందు రాళ్ళలో పెరగాలిట.

"పిల్లాడికి జ్వరమొస్తే థర్మామీటరు ఎక్కడుందో తెలీదు గాని, తొట్టి వేడి మాత్రం నిద్రలో అడిగినా చెబుతారు" అంది మా అమ్మాయి. నాకూ అమ్మాయి మాటే న్యాయమనిపించింది. ఇంత డబ్బూ, ఇంత పొద్దూ ఆ గాజుపెట్టెకా అని లోపల సణుక్కున్నాను.

అక్టోబరు 29, సోమవారం. సాండీ తుపాను వస్తోందని నాలుగు రోజులుగా ఒకటే చెబుతున్నారు. 1996 నవంబరు తుపాను చూసినదాన్ని, నాకేమిటి భయమని ధీమాగా కూర్చున్నాను. రాత్రి ఎనిమిది గంటల వేళ అది అట్లాంటిక్ సిటీ దగ్గర తీరం దాటింది. చెట్లు విరిగిన చప్పుడు, ఆకాశంలో ఆకుపచ్చని మెరుపు, అంతే. దీపం పుట్టిన ఊళ్ళో దీపాలారిపోయాయి.

ఆరు రోజులు కరెంటు లేదు. గ్యాసుపొయ్యి వెలుగుతోంది గనుక అన్నానికి లోటు రాలేదు. రోజురోజుకీ చలి హెచ్చింది. పెట్రోలుకు మైళ్ళ బారు. నవంబరు 3 నుంచి మా జిల్లాలో కారు నంబరు సరిసంఖ్య అయితే ఒకరోజు, బేసి అయితే మర్నాడు అని నియమం పెట్టారు.

మా అల్లుడి మొహంలో నెత్తురు చుక్క లేదు. చీకటిని పగడాలు కొన్నాళ్ళు ఓర్చుకుంటాయిట. ఓర్చుకోలేనివి రెండు, చలీ, ఊపిరాడకపోవడమూ. నీరు కదలకపోతే ప్రాణవాయువు తగ్గిపోతుంది. ముందు చేపలు పోతాయి, తర్వాత రాళ్ళలోని సూక్ష్మజీవులు చచ్చి నీరంతా విషమవుతుంది. చేపలు పట్టేవాళ్ళు ఎరచేపల్ని బతికించుకునే బ్యాటరీ గాలిపంపు ఒకటి ఇంట్లో ఉంది. బుడబుడమని బుడగలు వదులుతుంది. దానికి లావుపాటి సెల్లులు రెండు కావాలి. కొట్లలో ఒక్క సెల్లు లేదు.

మూడోరాత్రి సెల్లులు అయిపోవచ్చాయి. ఇంట్లో మిగిలినవి టార్చిలైటులో ఉన్నవే.

"పిల్లాడికి చీకటంటే భయం. వాటిని ముట్టుకోవద్దు" అంది అమ్మాయి గట్టిగా.

అల్లుడు మాట్లాడలేదు. తొట్టి పక్కన నేలమీద కూర్చుండిపోయాడు. మాకెవరికీ నోట మాట రాలేదు. కాసేపటికి మా మనవడు, ఏడేళ్ళవాడు, టార్చి తెచ్చి తండ్రి చేతిలో పెట్టాడు.

"నేను అమ్మమ్మ దగ్గర పడుకుంటాలే నాన్నా" అన్నాడు.

ఆ రాత్రినుంచి నేనూ ఆ తొట్టికి కాపలాదార్నయ్యాను. ముసలివాళ్ళకి నిద్ర తక్కువ కదా! కాకినాడనుంచి పట్టుకెళ్ళిన బొంత దానిచుట్టూ కప్పాం. గంటకోసారి నీళ్ళు కాచి సీసాల్లో పోసి, మూత బిగించి తొట్టిలో తేలేశాం. ఎంత చేసినా వేడి 21 డిగ్రీలకు దిగింది. కొవ్వొత్తి వెలుగులో అల్లుడు ఒక కథ చెప్పాడు. ఇండొనేషియాలో, జకార్తా నగరంలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన ఉండేవాడట. సముద్రంలోంచి ప్రాణమున్న రాళ్ళు తెచ్చి తొట్టిలో పేర్చి, ఉత్త గాలిబుడగలతోనే పగడాల్ని బతికించాడట. ఆ సంగతి 1961లో ఒక అమెరికా పత్రికలో రాశాడట.

"యంత్రాలన్నీ తర్వాత వచ్చినవే అత్తయ్యగారూ. ఆయనకున్నది ఈ బుడగలే" అన్నాడు. ధైర్యం చెప్పుకుంటున్నది నాకా, తనకా?

ఆదివారం, 4వ తేదీ సాయంత్రం కరెంటు వచ్చింది. చేపలు రెండూ బతికాయి. కాని వారం తిరక్కుండా మూడు ఊదాకొమ్మలు అడుగునుంచి తెల్లబడుతూ పోయాయి. కండ ఊడి, ఉత్త సున్నపు ఎముక మిగిలింది. అన్నిటికన్నా పెద్దది, మనవడు పుట్టిన ఏడాది తెచ్చి పెంచినది, అందులో ఒకటి. ఆ రోజు అమ్మాయి కూడా అన్నం సరిగ్గా తినలేదు.

ఆ తెల్లకొమ్మని బొమ్మలకొలువులో పెట్టడానికి తెచ్చుకుంటానన్నాను. వీల్లేదన్నాడు అల్లుడు. మనదేశంలో 2001నుంచి రాతిపగడాలను పులితోపాటు రక్షిత జంతువుల పట్టికలో చేర్చారు. సముద్రంలోంచి తియ్యడమూ, ఇంట్లో పెట్టుకోవడమూ నేరమే. ఒకప్పుడు మన్నారు దిబ్బల్ని తవ్వి సున్నం కాల్చినవాళ్ళం మరి.

తర్వాతి ఆదివారం పక్క ఊరినుంచి ఒక ఇటాలియన్ ముసలాయన వచ్చాడు. ఆయనకూ ఇలాంటి తొట్టి ఉంది. కోటుజేబులోంచి ప్లాస్టిక్ సంచీ తీశాడు. అందులో నీళ్ళు, నీళ్ళలో చిటికెనవేలంత ఊదాకొమ్మ! వేసవిలో మా అల్లుడే పెద్దకొమ్మనుంచి తుంచి ఆయనకిచ్చాడట. వీళ్ళలో అది ఆచారం. తుంచిన ముక్కను జిగురుతో రాయికి అతికిస్తే కొత్తకొమ్మ లేస్తుంది. నలుగురికీ పంచుకుంటే ఎవరో ఒకరింట్లో బతికుంటుంది, సముద్రంలోంచి మళ్ళీ తియ్యక్కర్లేదు.

నాకు ఇట్టే అర్థమైంది. మనం పెరుగుకి తోడు ఇస్తామే, అదే! మనింట్లో పెరుగు విరిగిననాడు పొరుగింటికి గిన్నె పట్టుకెళితే, మనమిచ్చిన తోడే మనకు తిరిగొస్తుంది. ఈ మాట అల్లుడు ఇంగ్లీషులో చెబితే ఆ ముసలాయన నవ్వి నా చెయ్యి పట్టుకున్నాడు.

ఇంటికి తిరిగొచ్చాక ఉప్పాడ ఒడ్డున నిలబడితే ఒక్కటే తోచింది. ఒక్క తొట్టిలో నాలుగు డిగ్రీలు తగ్గితే నలుగురం ఆరు రాత్రులు కూర్చున్నాం. అసలు సముద్రంలో ఒకటి రెండు డిగ్రీలు హెచ్చి వారాలపాటు నిలిస్తే, పగడాలు తమలోని నాచును వెళ్ళగొట్టి తెల్లబోతాయి. 1998లో, 2010లో, 2014నుంచి 2017దాకా, మళ్ళీ 2023లో మొదలై, ప్రపంచమంతటా అదే జరిగింది. అక్కడ కాపలా ఎవరు? తోడు తెచ్చుకోడానికి పొరుగున ఇంకో సముద్రం ఎక్కడ?

మనవడిప్పుడు కాలేజీలో ఉన్నాడు. చిటికెనవేలంత కొమ్మ జానెడైందిట. మొన్న ఒక ముక్క తుంచి, వేరే ఇంట్లో తోడు పెట్టారుట.