రీలు మార్చే వేళ

నా బొమ్మ రైళ్ల లేఅవుట్‌లో ఎప్పుడూ 1974వ సంవత్సరమే. వాల్తేరు, హైదరాబాదుల మధ్య గోదావరి ఎక్స్‌ప్రెస్ మొదలైన ఏడాది అది. విజయవాడ నుంచి విశాఖ దాకా పట్టాల పైన ఇంకా కరెంటు తీగలు పడని రోజులు. తాడేపల్లిగూడెం, నిడదవోలు మధ్య ఎక్కడో ఉన్నట్టు ఊహించుకుని ఓ చిన్న స్టేషను కట్టాను. రెండు ప్లాట్‌ఫారాలు, ఒక లూపు లైను, గూడ్సు షెడ్డు, వెనక కాలవగట్టు, కొబ్బరిచెట్లు, వరిచేలు. స్కేలు హెచ్‌ఓ, అంటే అసలు కొలతలో 87వ వంతు. కాలవగట్టు పక్కన ఖాళీ జాగాలో టూరింగ్ టాకీసు డేరా ఒకటి వేశాను. ఆ డేరాలో తెర పెట్టడంలో నేను చేసిన పొరపాట్లు ఇక్కడ రాస్తున్నాను. ఈ బుల్లి తెరలు ఇప్పుడు చవకగా దొరుకుతున్నాయి, లేఅవుట్ కట్టే ప్రతివాళ్లకూ ఆ ఆశ పుడుతోంది.

ఆశలో తప్పేమీ లేదు. బొమ్మ రైళ్ల ఊళ్లో రైలు తప్ప ఏదీ కదలదు. పెట్టె నెత్తిన పెట్టుకున్న కూలీ ఏళ్ల తరబడి అక్కడే నిలబడతాడు. టీ పోసేవాడి చెయ్యి దిగదు. అలాంటి ఊళ్లో ఒక తెర మీద నిజంగా సినిమా ఆడితే ఎంత బాగుంటుంది! హాంబుర్గ్‌లో 2001లో తెరిచిన మినియేచర్ వుండర్‌లాండ్ వీడియోలు చూసినప్పుడల్లా, అక్కడ గదిలో దీపాలు తగ్గించి రాత్రి తెప్పించే పద్ధతి నన్ను కదిలించేది. మా ఊరి రాత్రి అంటే నాకు గుర్తొచ్చేది టూరింగ్ టాకీసే.

ఇంట్లో వాడకుండా పడున్న 7 అంగుళాల డిజిటల్ ఫొటో ఫ్రేము ఒకటి కనపడింది. వీడియో కూడా ఆడుతుంది. ఇంకేం, దాని చుట్టూ డేరా కట్టేశాను. తెరను చూసి డేరా కట్టాను తప్ప, డేరాను చూసి తెర ఎంచుకోలేదు. కొలత వేసింది అంతా అయ్యాకే. ఆ తెర వెడల్పు పదిహేనున్నర సెంటీమీటర్లు. 87తో హెచ్చిస్తే పదమూడున్నర మీటర్లు! ఎత్తు ఏడున్నర మీటర్ల పైమాటే. పల్లెటూరి డేరాలో అంత తెర ఎవరూ కట్టి ఉండరు. నా దగ్గరున్న డబ్ల్యూడీఎం-2 డీజిలింజను ఎత్తు 5 సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. దాని వెనక దాదాపు రెట్టింపు ఎత్తులో వెలిగే గోడ లేచింది. గుడ్డ కప్పు, వాసాలు కలిపితే ఇంకా ఎత్తు. స్టేషను భవనం చిన్నబోయింది, రైలు బొమ్మైపోయింది. అంతవరకు అది బొమ్మలా కనపడేది కాదు, అదే నా బాధ.

ఆడించిన సినిమా 'మాయాబజార్'. 1957 నాటి నలుపు తెలుపు చిత్రం. అప్పటి ఫ్రేము వెడల్పు ఎత్తుకు ఒకటింబావు కంటే కాస్త ఎక్కువ, అంతే. నా ఫ్రేమేమో 16:9. తెర నిండాలన్న తొందరలో సాగదీసి నింపాను. దాంతో ప్రతి మనిషీ మూడో వంతుకు దగ్గరగా అడ్డంగా సాగాడు. సావిత్రి ముఖం అలా పొట్టిగా, వెడల్పుగా కనపడుతుంటే అది సినిమాకు చేసిన అపచారంగా తోచింది. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం 'అల్లూరి సీతారామరాజు' వచ్చింది కూడా ఆ 1974లోనే. వెడల్పు తెరే కావాలనుకుంటే కాలానికి సరిపోయే దారి ఉంది. కానీ పల్లె డేరాలకు సినిమాలు పట్నంలో ఆడి ఆడి, గీతలు పడ్డాకే వచ్చేవి. నాకు పాత చిత్రమే కావాలి, దాని కొలతలోనే కావాలి.

చివరికి ఎలక్ట్రానిక్ పరికరాలమ్మే కొట్లో 2.4 అంగుళాల టీఎఫ్‌టీ తెర కొన్నాను. 320 చుక్కల వెడల్పు, 240 చుక్కల ఎత్తు, సరిగ్గా 4:3. పడుకోబెడితే 49 మిల్లీమీటర్ల వెడల్పు, అంటే నా ఊళ్లో నాలుగుంబావు మీటర్లు. డేరాకు అతికినట్టుంది. ఈ లెక్క ముందే వేసుకుని ఉంటే కాలవగట్టును రెండోసారి తవ్వే పని తప్పేది.

చిన్న తెర వచ్చాక మరో రకం పొరపాట్లు మొదలయ్యాయి. కంట్రోలరు బోర్డును బల్ల కింద, చేతికందేలా బిగించి, అక్కడి నుంచి తెర దాకా అర మీటరు జంపరు వైర్లు లాగాను. బొమ్మ బదులు రంగురంగుల చెత్త కనపడింది. వేగం తగ్గిస్తే బొమ్మ కుదురుకుంది కానీ మనుషులు తడబడుతూ కదిలారు. కారణం లెక్కలోనే ఉంది. ఒక ఫ్రేముకు 320ని 240తో, మళ్లీ 16 బిట్లతో హెచ్చిస్తే 12 లక్షల బిట్ల పైన. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, అంటే దాదాపు 3 కోట్ల బిట్లు ఆ సన్నటి వైర్ల గుండా పోవాలి. పొడుగు వైర్ల కోసం వేగాన్ని 10 మెగాహెర్ట్జ్‌కు దించితే సెకనుకు 8 ఫ్రేములకు మించి రావు. బోర్డును తెర వీపుకే అంటించి వైర్లను వేలెడంత పొడవుకు కత్తిరించాక ఆ ఇబ్బంది పోయింది. బ్యాక్‌లైటు మినుకు ఫోను కెమెరాలో చారలుగా పడేది. దాని ఫ్రీక్వెన్సీ పెంచితే సరిపోయింది.

చవక టీఎఫ్‌టీ తెరల్లో చాలావాటికి ఒక పక్క నుంచి చూస్తే రంగులు తిరగబడతాయి. నిలువుగా వాడాల్సిన తెరను అడ్డంగా పెడితే ఆ చెడ్డ పక్క కుడివైపుకో ఎడమవైపుకో వస్తుంది. నా గదిలో తలుపు వైపు నుంచి చూసినవాళ్లకు సినిమా బాగానే ఉంది. కిటికీ వైపు నిలబడ్డవాళ్లకు తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా కనపడింది. తెర పాడైపోయిందనుకుని పీకి ఇంకోటి పెట్టాను. అదీ అంతే. తెరను తలకిందులుగా తిప్పి, ప్రోగ్రాములో బొమ్మనూ తిప్పితే చెడ్డ పక్క గోడ వైపుకు పోతుందన్న సంగతి చాలా ఆలస్యంగా తట్టింది.

కరెంటు విషయంలో నేను చేసింది నిర్లక్ష్యం. పట్టాలకు డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్) కరెంటు వెళ్లే వైర్లు బల్ల కింద ఎలాగూ ఉన్నాయి కదా అని వాటి నుంచే 5 వోల్టులు తయారు చేసి తెరకిచ్చాను. పాయింటు మీద చక్రం పట్టా తప్పితే పట్టాలు షార్టవుతాయి, పట్టాలకు కరెంటిచ్చే బూస్టరు వెంటనే దాన్ని ఆపేస్తుంది. అది దాని ధర్మం. దానితో పాటు తెరా ఆగేది. తిరిగి కరెంటు రాగానే ప్రోగ్రాము మొదలయ్యే లోపు బ్యాక్‌లైటు ముందే వెలిగి, డేరా నిండా తెల్లటి వెలుగు భగ్గుమనేది. పెట్టె ఎక్కడ పట్టా తప్పిందో వెతకాల్సిన సమయంలో అందరి చూపూ డేరా మీదికి పోయేది. వేరే అడాప్టరు పెట్టి, మొదటి ఫ్రేము గీశాకే బ్యాక్‌లైటు వెలిగేలా రాసుకోవడం సగం పూట పని. ఆ సగం పూట నేను మొదట్లో ఇవ్వలేదు.

సినిమా తెర కుదిరిందన్న ధైర్యంతో ప్లాట్‌ఫారాల మీద రైళ్ల బోర్డులు కూడా పెట్టాను. 0.96 అంగుళాల ఓఎల్‌ఈడీలు, వెడల్పు 22 మిల్లీమీటర్లు. స్కేలులో దాదాపు 1.9 మీటర్లు, కొలత బ్రహ్మాండంగా కుదిరింది. తెలుగులో 'గోదావరి ఎక్స్‌ప్రెస్' అని రాయించబోతే 'గోదావరి'లో గుణింతాలు విడిపోయాయి, 'ఎక్స్‌ప్రెస్' ముక్కలైంది. ఈ చిన్న బోర్డుల లైబ్రరీలు ఒక్కో కోడుకు ఒక్కో గుర్తు గీసి పక్కకు జరుగుతాయి. అక్షరం కింద వత్తు చేర్చడం, గుణింతపు గుర్తును అక్షరంతో కలపడం వాటికి రాదు. చివరికి కంప్యూటరు మీద పేర్లు రాసి, బొమ్మలుగా మార్చి పంపాను. వత్తుల కోసం ఎత్తు వదలాలి కాబట్టి 64 చుక్కల ఎత్తులో రెండు వరసలకు మించి చదవగలిగేలా పట్టవు. ఎంతో శ్రమపడి సాధించాను, చాలా సంతోషించాను. అయితే ఆ బోర్డులు అక్కడ ఉండాల్సినవి కావు.

అది నాకు తెలియజెప్పింది మా వీధిలో ఉండే ఒక రిటైర్డు స్టేషన్ మాస్టరుగారు. ఓ సాయంత్రం పిలిస్తే వచ్చారు. గదిలో దీపాలు తగ్గించి, బోర్డులు వెలిగించి, సినిమా పెట్టి, గోదావరిని వదిలాను. బండి లూపు దాటి, మెయిన్ ప్లాట్‌ఫారం మీద ఆగి, మళ్లీ కదిలి వెళ్లిపోయింది. ఆయన కుర్చీలో ముందుకు వంగి చూస్తూనే ఉన్నారు.

"బండి ఎప్పుడొస్తుంది బాబూ?" అన్నారు.

"ఇప్పుడే వెళ్లిందండీ మాస్టారూ."

"అయ్యో, చూళ్లేదు నాయనా. సినిమాలో పడిపోయాను."

ఆయన నొచ్చుకున్నారు. నేను అంతకంటే ఎక్కువ నొచ్చుకున్నాను. నలభై ఏళ్లు బళ్లను చూస్తూ బతికిన మనిషి, కళ్ల ముందు నుంచి బండి పోతే చూడలేకపోయారు. తప్పు ఆయన కళ్లది కాదు. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే నా పట్టాల మీద సెకనుకు 19 సెంటీమీటర్లు. నిదానంగా, నల్లగా, చీకట్లో పోయే వస్తువది. దాని వెనక తనంతట తాను వెలిగే తెర, అందులో మనుషుల ముఖాలు, క్షణానికో దృశ్యం. చూపు ఎటు పోతుంది?

తర్వాత ఆయన బోర్డుల వైపు చూసి అన్నారు: "డెబ్బై నాలుగులో మాకు ఈ వెలిగే అక్షరాలు ఎక్కడివి? నల్లబల్ల, సుద్దముక్క. బండి ఆలస్యమైతే తుడిచి మళ్లీ రాసేవాళ్లం." కాసేపాగి డేరా దగ్గరికొచ్చారు. "ఇలాంటి డేరాలో ప్రొజెక్టరు ఒకటే ఉండేది బాబూ. రీలు అయిపోగానే ఆట ఆగేది. రీలు మార్చేదాకా అంతా చీకటి, ఈలలు. ఆ చీకట్లోనే బండి కూత వినపడేది. నైట్ డ్యూటీ లేకపోతే నేనూ నేలలోనే కూచునేవాణ్ని. కూత వినేసి, ఇది ఫలానా బండి అని పక్కవాళ్లకు చెప్పేవాణ్ని."

నేను వెతుకుతున్నదంతా ఆ మాటల్లో ఉంది. తెర ఎప్పుడు వెలగాలో ఆలోచించాను తప్ప, ఎప్పుడు ఆరాలో ఆలోచించలేదు. నిజమైన టూరింగ్ టాకీసులో తెర ఆగుతూ ఆగుతూ నడిచేది. ఎడతెగకుండా ఆడే సినిమా ఫొటో ఫ్రేము అలవాటు, డేరా అలవాటు కాదు. రైలు చూడాలంటే తెర ఆరాలి. ఆ ఆరడానికి కారణం ఆ ఊళ్లోనే, ఆ ప్రొజెక్టరులోనే సిద్ధంగా ఉంది.

హోం సిగ్నలు దగ్గర పట్టాల మధ్య ఐఆర్ సెన్సరు పెట్టాను. బండి దాన్ని దాటగానే రీలు అయిపోతుంది. తెర మీద తెల్లటి గీతలు రెండు మూడు క్షణాలు ఆడి, ఆరిపోతుంది. ప్రొజెక్టరు ఉన్న మూల చిన్న పసుపు దీపం వెలుగుతుంది, ఆపరేటరు రీలు మారుస్తున్నట్టు. బండి వచ్చి, ఆగి, వెళ్లి, చివరి పెట్టె రెండో సెన్సరు దాటాకే తర్వాతి రీలు. ఎక్స్‌ప్రెస్‌కు చీకటి కొద్దిసేపే, గూడ్సుకు ఎక్కువసేపు. బ్యాక్‌లైటును పదో వంతుకు దించి, తెర మీద లేత కాషాయం ఫిల్టరు వేశాను. ఎల్‌సీడీ నలుపులో కూడా కొంత నీలి వెలుగు కారుతూ ఉంటుంది, గుడ్డ తెర మీద పడే వెలుగు అలా ఉండదు. డేరా ముఖాన్ని కూడా పక్కకు తిప్పాను. మనం నిలబడే చోటి నుంచి తెరలో మూడో వంతే కనపడుతుంది, మిగతాది నేలలో కూచున్న బొమ్మల ముఖాల మీద కదిలే వెలుగుగానే తెలుస్తుంది. ఆ వెలుగు కదలడమే నాకు తెర మీది బొమ్మ కంటే నచ్చింది.

ఆట మొదలయ్యే ముందు ఘంటసాల పాడిన వేంకటేశ్వరుడి పాట మైకులో వినిపించడం ఆ రోజుల్లో రివాజు. ఊరంతటికీ టిక్కెట్లు ఇస్తున్నారని తెలిసేది దాంతోనే. ఎంపీ3 వాయించే చిన్న మాడ్యూలు, నాణెమంత స్పీకరు ఒకటి డేరా వెనక పెట్టాను. మళ్లీ వచ్చినప్పుడు ఆ పాటకు మాస్టరుగారు లేచి నిలబడ్డారు. ఈ పని ముందే చేసుంటే తెర మీద అంత భారం వేసేవాణ్ని కాను.

ఓఎల్‌ఈడీలు పీకేశాను. వాటిలో ఒకదాంట్లో, నెలల తరబడి ఒకే చోట వెలిగిన స్టేషను పేరు మచ్చగా మిగిలిపోయింది. ఓఎల్‌ఈడీలో ఎక్కువసేపు వెలిగిన చుక్కలు మిగతావాటి కంటే ముందు మసకబారతాయి. వాటి స్థానంలో నల్లరంగు వేసిన అట్టముక్కలు, తెల్ల పెన్సిలుతో చేత్తో రాసినవి. డేరాను మొదట్లో జిగురుతో అంటించి, మెమరీ కార్డు మార్చాల్సి వస్తే కోయాల్సి వచ్చింది. ఇప్పుడు అది నాలుగు మూలలా అయస్కాంతాల మీద కూచుంటుంది.

మీ లేఅవుట్ కాలం ఈనాటిదైతే సంగతి వేరు. సికింద్రాబాదో విజయవాడో కడుతుంటే, తెలుగు, హిందీ, ఇంగ్లీషు వంతులవారీగా మారే రైళ్ల బోర్డులు, పెట్టెల స్థానం చూపే అంకెలు లేని ప్లాట్‌ఫారం బోసిగా ఉంటుంది. అక్కడ ఓఎల్‌ఈడీ న్యాయంగా ఉండాల్సినదే. వెలుగు తగ్గించండి, అక్షరాలు రోజుకోసారైనా అటూ ఇటూ జరిగేలా చూడండి, కరెంటు విడిగా ఇవ్వండి. తెలుగు పేర్లు బొమ్మలుగా చేయక తప్పదు. నేను చేసిన బొమ్మలు, వత్తులన్నీ సరిచూసినవి, నా దగ్గర భద్రంగా ఉన్నాయి. అడిగినవాళ్లకు ఇస్తాను.