లాస్ వేగస్ అరుగు మీద

లాస్ వేగస్ అనగానే మీకేం గుర్తొచ్చిందో చెప్పమంటారా? పేకముక్కలు, రంగురంగుల దీపాలు, సినిమాలో హీరోగారి సూట్‌కేసు నిండా డాలర్లు. సిగ్గుపడకండి, అందరికీ అవే గుర్తొస్తాయి. అమెరికాలో ఉన్న మీ మేనల్లుడు వాట్సాప్‌లో పెట్టిన ఫోటో కూడా గుర్తొచ్చే ఉంటుంది. ఆ స్వాగతం బోర్డు కింద నల్లకళ్లద్దాలు పెట్టుకుని, ఊరు తన పేరున రిజిస్ట్రీ అయినట్టు నిలబడతాడే, అదే. ఆ బోర్డు నమూనా 1959లో బెట్టీ విల్లిస్ అనే ఆవిడ గీశారు. కాపీరైటు తీసుకోలేదు. అందుకే ఇవాళ కీచైన్ల మీదా కాఫీకప్పుల మీదా ఎవరిష్టమొచ్చినట్టు వాళ్లు అచ్చేసుకుంటున్నారు. ఇంకో సంగతుంది, మీ మేనల్లుడికి మాత్రం చెప్పకండి, మనసు కష్టపెట్టుకుంటాడు. ఆ బోర్డున్న చోటు అసలు లాస్ వేగస్ నగర హద్దుల్లోనే లేదు! పెద్దపెద్ద హోటళ్లుండే స్ట్రిప్‌లో చాలా భాగం పారడైజ్ అనే పక్క ప్రాంతం లెక్కలోకి వస్తుంది.

సరే, నాకు మోజు ఆ దీపాల మీద కాదు లెండి. వాటి వెనక దుప్పట్లు మార్చేవాళ్లు, పేకముక్కలు పంచేవాళ్లు, నాట్యగత్తెల కిరీటాలకి ఈకలు కుట్టేవాళ్లు ఉన్నారు చూశారా, వాళ్ల మీద. వాళ్ల కబుర్లన్నీ రికార్డు చేసి భద్రంగా దాచారండీ అక్కడ.

డెబ్భయ్యో దశకంలో అక్కడి విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ రోస్కీ అని చరిత్ర మాస్టారొకరు ఉండేవారు. ఆయన తన విద్యార్థులకిచ్చిన హోంవర్కు ఏమిటో తెలుసా? టేప్ రికార్డరు పట్టుకెళ్లి ఊళ్లో పాతకాపుల్ని మాట్లాడించి రమ్మని! ఎంత హాయైన చదువు! నాకైతే పానిపట్టు యుద్ధాల తారీకులు బట్టీ కొట్టించారు. ఆ పిల్లలు అడిగిన ప్రశ్నలు కూడా భలే ఉంటాయి. ఏ వీధిలో ఉండేవారు, ఏం పని చేసేవారు, జూదం ఆడేవారా, అణుబాంబు పేలితే చూశారా... అన్నీ ఒకే గుక్కలో. తరవాత 2003లో ఆ విశ్వవిద్యాలయంలోనే మౌఖిక చరిత్ర కేంద్రం పెట్టారు. దాని తొలి సారథి క్లేటీ వైట్ అనే ఆవిడ. జూదశాలల్లో పనిచేసిన నల్లజాతి ఆడవాళ్ల బతుకుల మీద పరిశోధన చేసిన మనిషి. ఇంక ఆ కేంద్రంలో కబుర్లకి కొదవేముంటుంది?

ముందు ఎండ సంగతి చెప్పనివ్వండి. ఏడాది మొత్తానికీ కురిసే వాన ఓ నాలుగంగుళాలు. 2024 జులై 7న 48.9 డిగ్రీలు కాసింది. మన రెంటచింతల వాళ్లు మీసం మెలేస్తే మెలేయనివ్వండి, ఆ ఎండా తక్కువదేం కాదు. మరి ఏసీలు రాకముందు వాళ్లెలా నిద్రపోయారు? పాతకాపులందరూ చెప్పే మాట ఒకటే. మంచాలు బయట వేసుకుని, దుప్పటి నీళ్లలో ముంచి పిండి కప్పుకునేవాళ్లట. మన డాబా మీద బకెట్టుడు నీళ్లు చల్లి చాపలు పరచుకోవడం లాంటిదే. ఒక నిద్ర తీసేసరికి దుప్పటి ఫెళఫెళలాడిపోతుంది. లేచి మళ్లీ ముంచుకోవాలి. తరవాత చెక్కపొట్టు పలకలు పెట్టిన కూలర్లొచ్చాయి. కొత్త పొట్టు తడిస్తే వచ్చే వాసన మీకు తెలుసుగా? అదిగో, ముక్కు దగ్గరికి వచ్చేసింది కదూ!

అంత ఎండలో ఆ ఊరు పుట్టిందే వేలంపాటలో. 1905 మే 15న రైలు కంపెనీ వాళ్లు ఎడారిలో ముగ్గు పోసి స్థలాలు అమ్మకానికి పెట్టారు. అక్కడే ఎందుకంటారా? లాస్ ఏంజెలెస్‌కీ సాల్ట్ లేక్ సిటీకీ మధ్యన బొగ్గింజను తాగడానికి నీటి ఊటలున్నాయి మరి. మనుషులు ఎక్కువయ్యే కొద్దీ తోడారు, తోడారు, 1962కల్లా ఊటలు కాస్తా ఎండిపోయాయి. ఈ లోపల ఏం జరిగింది? 1931లో పక్కనే కొలరాడో నది మీద హూవర్ డ్యామ్ పని మొదలైంది. కరువు రోజులు. పనికోసం పెళ్లాంబిడ్డలతో వచ్చి నది ఒడ్డున గుడారాలేసుకున్నారు జనం. అదే ఏడు జూదం చట్టబద్ధం చేశారు. అదే ఏడు ఆరు వారాలు అక్కడ కాపురముంటే చాలు విడాకులిచ్చేస్తామన్నారు. ఒక్క ఏడాదిలో ఎన్ని పనులు పెట్టుకున్నారో చూడండి!

1940లో 8,422 మంది ఉన్న ఊరు 1960కి 64,405 అయింది. 2020లో 6,41,903. బడుల్లో చోటు చాలక పొద్దున ఒక బ్యాచీ, మధ్యాహ్నం ఒక బ్యాచీ పెట్టిన రోజులున్నాయి. తల్లి రాత్రి షిఫ్టు, తండ్రి పగటి షిఫ్టు, పిల్లాడు మధ్యాహ్నం బడి. ఇంట్లో ముగ్గురూ ఒకరి మొహం ఒకరు ఎప్పుడు చూసుకునేవాళ్లో నాకర్థం కాదు. ఊరు నిద్రపోదు కాబట్టి కిరాణాకొట్లూ నిద్రపోవు. అర్ధరాత్రి రెండింటికి పాలడబ్బాకి వెళ్తే కొట్లోనే జూదం మిషన్లు కూడా ఉంటాయి. చిల్లర మిగిలిందా, అయిపోయారే!

జూదశాలల్లో పనివాళ్ల కబుర్లలో నాకు బాగా నచ్చేది డీలర్ల చేతుల సంగతి. డీలరు బల్ల వదిలి వెళ్లేటప్పుడు రెండు చేతులూ చరిచి, అరచేతులు చాచి, అటూ ఇటూ తిప్పి చూపిస్తాడు. గారడీ అనుకునేరు, చిప్పు ఒక్కటి కూడా దాచుకోలేదని సాక్ష్యం! జేబుల మీదుగా ఏప్రను కూడా కట్టిస్తారు. అంత నమ్మకం అన్నమాట. ఇప్పుడు ప్రతిచోటా కెమెరాలున్నాయి కానీ, వెనకటికి పైకప్పు లోపల సన్నటి నడవలుండేవి. వాటిల్లో మనుషులు నక్కి, ఒకవైపే కనపడే అద్దాల్లోంచి కింది బల్లల్ని చూస్తుండేవాళ్లు. దొంగని పట్టుకోడానికి అటక మీద పిల్లిలా తిరగడం కూడా ఒక ఉద్యోగమే ఆ ఊళ్లో.

అసలు ఉద్యోగం దొరకాలంటే ‘జ్యూస్’ ఉండాలి. పళ్లరసం కాదండీ, మన భాషలో సిఫార్సు. ఎవరో బావమరిది స్నేహితుడు ఫలానా హోటల్లో మేనేజరైతే పని అయినట్టే. ఈ ముక్క చదువుతుంటే ఎంత సొంత ఊళ్లా అనిపించిందో!

ఇక ఆడేవాళ్లకి చిల్లర మార్చిచ్చే ‘చిల్లరమ్మాయిలు’. మిషన్లు నాణేలు మింగే రోజుల్లో బరువైన నాణేల పట్టీ నడుముకి కట్టుకుని షిఫ్టంతా తిరిగేవాళ్లు. ఆడేవాళ్ల చేతుల్లో నాణేలు పోసుకోడానికి ప్లాస్టిక్ గిన్నెలు. గంటసేపు ఆడితే వేళ్లు మసి గుడ్డల్లా తయారయ్యేవి. ఇప్పుడు కాగితం చీటీ వచ్చింది. చేతులు శుభ్రం. ఆ నాణేలు జలజలా రాలే చప్పుడు కూడా పోయిందని దిగులుపడే పాతకాపులున్నారు. డబ్బు పోగొట్టుకోవడంలో కూడా వాళ్లకి సంగీతం కావాలి మరి!

ఎక్కడున్నాం? ఆఁ, దీపాలు. నియాన్ గొట్టం వంచడం ఎలాగో తెలుసా? గాజు గొట్టాన్ని మంట మీద తిప్పుతూ కాల్చాలి. ఒక కొసకి రబ్బరు ట్యూబు తగిలించి దాని రెండో కొస నోట్లో పెట్టుకోవాలి. గాజు మెత్తబడగానే వంచుతూ, వంపు దగ్గర నొక్కుకుపోకుండా కాస్తంత ఊదాలి. ఎక్కువ ఊదితే బుడగ, తక్కువ ఊదితే చొట్ట. పైగా కాగితం మీద అక్షరాలు తిరగేసి గీసి ఉంటాయి. అంటే ఆ కాంతులన్నీ ఒకప్పుడు ఎవరో ఒకాయన ఊపిరే. లోపల నియాన్ నింపితే ఎరుపు, ఆర్గానూ కాస్త పాదరసమూ అయితే నీలం. తీసేసిన పాత బోర్డులన్నీ నియాన్ మ్యూజియంవాళ్లు ఒక ఆవరణలో పేర్చి టిక్కెట్టు పెట్టి చూపిస్తున్నారు.

బాంబుల కబుర్లకి వద్దామా? 1951 జనవరి నుంచి ఊరికి అరవై అయిదు మైళ్ల దూరంలో అణుబాంబులు పేల్చారు. భూమి లోపల కాదు, పైనే, ఆకాశంలోకి పుట్టగొడుగు లేచేటట్టు. 1962 దాకా ఈ తంతు, ఆ తరవాత భూమి లోపలే. ఊరివాళ్లు భయపడి పారిపోయారనుకుంటున్నారా? వాణిజ్యమండలివాళ్లు ఏ తెల్లవారుజామున పేలుతుందో, ఎక్కణ్నుంచి బాగా కనపడుతుందో చెప్పే క్యాలెండర్లు పంచారు! హోటళ్లలో రాత్రంతా తాగి, తెల్లారగట్ట మేడెక్కి చూడ్డం ఒక వేడుక. ఒకసారి కొట్ల అద్దాలు పగిలితే, ఒక దుకాణదారుడు ఆ పెంకులు పీపాలో పోసి ‘బాంబు జ్ఞాపికలు, ఉచితం’ అని బోర్డు పెట్టాడట. పీపా ఖాళీ!

నవ్వుతూనే చదువుతాం. కానీ 2003-2008 మధ్య ఆ పరీక్షా క్షేత్రం మీదే నూట యాభై మందికి పైగా మాట్లాడించారు. సొరంగాలు తవ్విన కూలీలు, ఇంజనీర్లు, గేటు ముందు ధర్నా చేసినవాళ్లు, ఆ నేల మాదన్న షోషోనీ తెగవాళ్లు. బాంబుల బూడిద గాలివాటున కొట్టుకుపోయి పడిన ఊళ్లలో క్యాన్సర్లొచ్చాయి. 1990లో పరిహారం చట్టం చెయ్యాల్సొచ్చింది. క్యాలెండరు పంచినవాళ్లకి ఈ సంగతి తెలీదు. తెలిసినవాళ్లు చెప్పలేదు.

ఇంకో మాట కూడా పాతకాపులు తరచూ అంటారు. మాఫియావాళ్లు నడిపిన రోజుల్లోనే ఊరు బాగుండేదని. తలుపులకి తాళాలేసుకునే పనే లేదట, పేరు పెట్టి పలకరించేవాళ్లట. ఈ మాట నేను సగమే నమ్ముతాను. ఎందుకంటే వెస్ట్‌సైడ్ నుంచి మాట్లాడినవాళ్లని వినండి. అక్కడ నల్లవాళ్లుండేవాళ్లు. లూసియానాలో టలూలా, ఆర్కన్సాలో ఫోర్డైస్ అనే చిన్న ఊళ్ల నుంచి, పత్తి చేలు వదిలి, ఒకరి వెనక ఒకరు వచ్చినవాళ్లు. మన పల్లెల నుంచి గల్ఫుకి పోయినట్టు ఊరంతా కూడబలుక్కుని వచ్చారు. స్ట్రిప్ హోటళ్లలో గదులు సర్దొచ్చు, గిన్నెలు తోమొచ్చు, ముందు గుమ్మంలోంచి మాత్రం వెళ్లకూడదు. వేదిక మీద పాడి హాలు దద్దరిల్లించిన శామీ డేవిస్ జూనియరంతటి వాడు కూడా ఆ హోటల్లో పడుకోడానికి లేదు! వెస్ట్‌సైడ్ ఎఫ్ వీధిలో హారిసన్ గారని ఒకావిడ ఇంట్లో గదులు అద్దెకిచ్చేది. అలాంటి మహామహులంతా ఆ ఇంట్లో దిగేవాళ్లు. ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. 1955 మేలో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి కూర్చునే మూలాన్ రూజ్ అనే హోటలు తెరిచారు. రాత్రి రెండు దాటాక ఆట పెడితే స్ట్రిప్‌లో పని ముగించుకున్న తారలంతా అక్కడికే పరుగు. అరడజను నెలలకే మూతబడింది. 1960 మార్చిలో స్ట్రిప్ గుమ్మాలు తెరవడానికి ఒప్పందం కుదిరింది మాత్రం ఆ మూతబడ్డ హోటల్లోనే!

గదులు సర్దే ఆడవాళ్లని తక్కువ అంచనా వేసేరు. 1991లో ఫ్రాంటియర్ హోటల్లో 550 మంది సమ్మెకి దిగారు. ఆరేళ్ల నాలుగు నెలలు! ఎండలో, చలిలో, రాత్రీ పగలూ గేటు ముందు వంతులేసుకుని తిరిగారు. ఒక్కళ్లంటే ఒక్కళ్లు కూడా గీత దాటి లోపలికి పోలేదు. 1998లో గెలిచి పనిలోకెళ్లారు. ఆ హోటలు ఇప్పుడు లేదు. 2007లో కూల్చేశారు.

కూల్చడం ఆ ఊరికి పండగండీ. 1993లో డ్యూన్స్ హోటల్ని పేలుడు మందు పెట్టి పేల్చారు, బాణసంచాతో సహా. 2024 అక్టోబరులో ట్రాపికానా వంతు. దాదాపు యాభై ఏళ్లు అక్కడ ఈకల కిరీటాలు పెట్టుకుని, మెట్ల వంక చూడకుండా మెట్లు దిగిన నాట్యగత్తెలున్నారే, వాళ్లు ఇప్పుడు మనవళ్లకి చూపిద్దామన్నా ఆ మెట్లు లేవు. చెప్పి వినిపించాల్సిందే. అందుకే టేపులు నాకంత ముద్దు.

చివరికి ఒక్క ప్రశ్న మిగిలిపోయింది, మీకూ వచ్చే ఉంటుంది. ఆ ఊరివాళ్లు స్ట్రిప్‌కి ఎన్నిసార్లు వెళ్తారు? చుట్టాలొస్తే తప్ప వెళ్లరు! బాంబుల్ని తట్టుకున్నారు, మాఫియాని మెచ్చుకున్నారు, తడి దుప్పటి కప్పుకుని వేసవులు గడిపారు. కానీ 2016లో స్ట్రిప్ హోటళ్లలో కారు పార్కింగుకి డబ్బులు పెట్టారు చూశారూ, ఆ గొడవ మాత్రం ఇప్పటికీ ఎత్తితే ఆపరు.