కాణిపాకం దారిలో లింక్ రాడ్

మా నాన్న ట్యాక్సీ నడుపుతాడు. తిరుమల దర్శనం అయినవాళ్ళని కాణిపాకం తీసుకెళ్ళి తీసుకురావడమే ఎక్కువ పని. పోయిన సెలవుల్లో బండి ముందువైపు నుంచి ఒక శబ్దం మొదలైంది. హైవేలో ఏమీ ఉండదు. గుంతల రోడ్డులో మెల్లగా పోతే మాత్రం టక్ టక్, టక్ టక్.

"ఏమైంటాదిరా?" అన్నాడు నాన్న.

నేను ఫోన్‌లో రెండు వీడియోలు చూసి, "షాక్ అబ్జార్బర్లు పోయినాయి" అన్నాను.

"ఖచ్చితంగానా?"

"ఖచ్చితంగా."

నేను చదివేది కంప్యూటర్ సైన్స్. కారు కింద తల పెట్టి చూసిన పాపాన పోలేదు. కానీ మా ఇంట్లో ఇంగ్లీషులో ఉన్నది నేను చదివి చెప్తే అదే ఫైనల్.

9,000 పెట్టి ముందు షాకులు రెండూ మార్పించాడు. ఇంటికొచ్చే దారిలో ఎడమ చక్రం గుంతలో పడింది. టక్. నాన్న అద్దం దించి విన్నాడు, మళ్ళీ ఎక్కించాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మరుసటి వారం నేనూ వెంట వెళ్ళాను. కస్టమర్లు గుడిలోకి పోయాక, రోడ్డు పక్క షెడ్డులో బండి పెట్టాం. మెకానిక్ స్టీరింగ్ పూర్తిగా తిప్పించి, చక్రం వెనక చెయ్యి పెట్టి, జానెడు కడ్డీ ఒకటి పట్టుకుని ఊపాడు. టక్. అదే శబ్దం!

"లింక్ రాడ్ పోయిందన్నా. షాకులు కొత్తవే కదా, ఎవురు మార్చమన్నారు?"

"శబ్దం వస్తాందని నేనే మార్పించినాలే" అన్నాడు నాన్న.

నేను తల వంచుకుని కారు కిందకి చూస్తూ ఉండిపోయాను.

అక్కడ కనిపించింది యాంటీ రోల్ బార్. మెకానిక్కులు స్టెబిలైజర్ అంటారు. యూ ఆకారంలో వంచిన స్ప్రింగ్ స్టీల్ కడ్డీ. మధ్యలో రెండు రబ్బరు బుష్షులు దాన్ని బండి కింద పట్టుకుంటాయి. రెండు చివర్లూ లింక్ రాడ్లతో రెండు చక్రాల సస్పెన్షన్‌కి కలుస్తాయి. రెండు చక్రాలూ ఒకేసారి పైకి లేస్తే కడ్డీ బుష్షుల్లో ఊరికే తిరుగుతుంది. మలుపులో బండి ఒరిగి ఒక చక్రం పైకి, ఇంకోటి కిందకి పోతేనే దానికి పని. అప్పుడు మెలి పడి, ఆ ఒరుగుడుని తగ్గిస్తుంది. మందం 20 మిల్లీమీటర్ల నుంచి 22 చేస్తే చాలు, గట్టిదనం దాదాపు 46 శాతం పెరుగుతుంది. ఫోర్త్ పవర్ లెక్క మరి!

లింక్ రాడ్ చివర్లలో మన భుజం కీలు లాంటి బాల్ జాయింట్లు ఉంటాయి. వాటి రబ్బరు తొడుగు చిరిగితే దుమ్ము, నీళ్ళు లోపలికి పోయి కీలు అరుగుతుంది. ఆ కొంచెం సందులోనే టక్ టక్.

మార్చడం పెద్ద పని కాదు. కాకపోతే ముందు చక్రాలు రెండూ ఒకే ఎత్తుకి లేపాలి. ఒకటే లేపితే కడ్డీ మెలి పడి బిగుసుకుంటుంది, లింక్ ఊడి రాదు. నట్టు విప్పుతుంటే పిన్ను కూడా తిరిగిపోతుంది కాబట్టి దాన్ని ఆలెన్ కీతో పట్టుకోవాలి. ఆ కీ పట్టుకున్నది నేనే. ఒకటి అరిగితే రెండోది కూడా అంతే పాతది కాబట్టి జతగా మార్చాం. మొత్తం 1,600.

మా వైపు మాటా మాటా పెరిగితే "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అంటారు. వరసిద్ధి వినాయకుడి ముందు అబద్ధం చెప్పకూడదని నమ్మకం. అలాంటి ఊళ్ళో మా నాన్న నా తప్పు తన మీద వేసుకున్నాడు. టీ కొట్టు దగ్గర ఆగలేక చెప్పేశాను.

"నాన్నా, ఆరోజు నాకు తెలీదు. ఊరికే ఖచ్చితంగా అనేశా."

నాన్న గ్లాసు కింద పెట్టాడు. "డబ్బులు పోతే పోనీరా. తెలీకపోతే తెలీదని చెప్పు. ఇద్దరం కిందకి దూరి చూద్దాం."

తిరుగు ప్రయాణంలో గుంతల రోడ్డు రాగానే ఇద్దరం ఒకేసారి అద్దాలు దించాం. శబ్దం లేదు. ఇంకో గుంత. లేదు. వెనక సీటు నుంచి కస్టమర్ అడిగారు: "డ్రైవరన్నా, ఏసీ పని చేయడం లేదా?"